లెక్కకు మనం, పీటకు వాళ్ళు: జస్టిస్ పార్టీ కథ

చిత్తూరు, మదనపల్లె పక్క నుంచి మద్రాసుకు పోయి పెండ్లి చీరలు కొనుక్కొచ్చేవాళ్ళకు టి.నగర్ తెలుసు, పానగల్ పార్కు తెలుసు. హోటళ్ళలో గిన్నెలు కడగడానికి, బిల్డింగు పనులకు పోయే మనవాళ్ళకు ఇంకా బాగా తెలుసు. టి.నగర్ అంటే త్యాగరాయ నగర్. ఎవరీ త్యాగరాయ? కీర్తనలు రాసిన త్యాగరాజు అనుకునేవాళ్ళు మా టీచర్లలోనే ఉండారు. కాదు. ఆయన పిట్టి త్యాగరాయ చెట్టి, తెలుగు మాట్లాడే దేవాంగుల ఇంటి షావుకారు. పానగల్ అంటే పానగంటి రామరాయణింగారు. మన కాళహస్తిలో పుట్టిన వెలమ దొర. 1921 నుంచి 1926 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి. ఇద్దరిదీ ఒకటే పార్టీ, జస్టిస్ పార్టీ.

2016లో ఆ పార్టీ పుట్టి నూరేండ్లు నిండినాయి. తమిళనాడులో దాన్ని ఇప్పటికీ తలుచుకుంటారు. తెలుగు పక్క తలుచుకునేవాళ్ళే కరువు. ఆ పార్టీలో పెద్దపీట వేసుకుని కూర్చున్న తెలుగు కులాలకే దాని పేరు అక్కరలేకపోయింది. అక్కరకొచ్చినంత కాలం వాడుకున్నారు, అక్కర తీరినాక వదిలేసినారు. ఇప్పుడు దాన్ని మెచ్చుకుంటా రాసేది ఎక్కువగా మన దళిత, బహుజన మిత్రులే. రిజర్వేషన్లకు తాత అంటారు, సామాజిక న్యాయానికి పునాది అంటారు. అబద్ధమని నేననను. అయితే దండ వేసేముందు దాని పద్దుల పుస్తకం ఒకసారి తిరగేద్దాం. మన పేరు చెప్పి ఎంత రాసుకున్నారు? మన చేతికి ఎంత వచ్చింది?

ఆ పార్టీ పుట్టింది 1916 నవంబరులో, మద్రాసులో. డాక్టర్ నటేశ మొదలియారు, డాక్టర్ టి.ఎం.నాయర్, త్యాగరాయ చెట్టి దానికి ముఖ్యులు. కాగితం మీద పేరు సౌత్ ఇండియన్ లిబరల్ ఫెడరేషన్. నోరు తిరిగే పేరు కాదు కాబట్టి 1917లో వాళ్ళు పెట్టిన 'జస్టిస్' అనే ఇంగ్లీషు పత్రిక పేరే పార్టీకి నిలబడిపోయింది. తమిళానికి 'ద్రావిడన్', తెలుగుకు 'ఆంధ్రప్రకాశిక' వాళ్ళ పత్రికలు. లిబరల్ అన్నందుకు తగ్గట్టే మితవాదులు. జైలుకు పోయేది లేదు, సత్యాగ్రహాలు లేవు. అర్జీలు, తీర్మానాలు, గవర్నరు దగ్గరికి డెప్యుటేషన్లు, ఇంతే. తెల్లదొర ఇప్పుడే పోతే పెత్తనమంతా బ్రాహ్మణుల చేతికి పోతుంది, ముందు మాకు చదువులో, ఉద్యోగాల్లో వాటా కావాల అన్నారు.

ఇందుకే వాళ్ళకు అనీబిసెంటు అంటే పడేది కాదు. హోమ్‌రూల్ అని గొడవ చేస్తా ఉండింది ఆమే కదా. మా పక్కవాళ్ళకు ఆమెను కొత్తగా పరిచయం చేయాల్సిన పనిలేదు. 1915లో మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల ఆమె పేరుతో వచ్చిందే. ఆ కాలేజీని, ఠాగూరు అక్కడికి వచ్చిన సంగతిని చెప్పుకుని మదనపల్లె ఇప్పటికీ మురిసిపోతుంది. అదే అమ్మ 1909లో ఒక వ్యాసం రాసింది. అంటరాని పిల్లలను మిగతా పిల్లల పక్కన కూర్చోబెట్టకూడదట! ముందు వాళ్ళకు శుభ్రం నేర్పాలట, వాళ్ళ తిండి, వాళ్ళ ఒంటివాసన పోవడానికి తరాలు పడుతుందట! ఈ రాతను అంబేద్కర్ 1945లో కాంగ్రెస్, గాంధీల మీద రాసిన పుస్తకంలో బయటపెట్టినాడు. స్వరాజ్యం అడిగేవాళ్ళ నోట్లో నుంచి ఇట్లాంటి మాట వచ్చినాక, మన పెద్దలు ఇంకో పార్టీ దిక్కు చూసినారంటే వాళ్ళ తప్పేముంది? గరిమెళ్ళ తెల్లదొరతనం వద్దని పాడితే, కుసుమ ధర్మన్న 1921లో 'మాకొద్దీ నల్లదొరతనము' అని రాసినాడు. ఆయన అన్న నల్లదొరల్లో బ్రాహ్మడు ఒక్కడే ఉన్నాడా, బ్రాహ్మణేతర దొరలు లేరా? ఈ ప్రశ్న దగ్గరే జస్టిస్ పార్టీ కథంతా ఉండాది.

1916 డిసెంబరులో త్యాగరాయ చెట్టి పేరుతో బ్రాహ్మణేతరుల ప్రణాళిక అచ్చయింది. అందులో లెక్క ఇట్లా చెప్పినారు. మద్రాసు రాష్ట్రంలో జనం నాలుగుంపావు కోట్లకు కాస్త తక్కువ, అందులో నాలుగు కోట్ల మంది బ్రాహ్మణేతరులు. అయినా 128 మంది పర్మనెంటు జిల్లా మునసబుల్లో 93 మంది బ్రాహ్మణులే. ఇది అన్యాయం కాదా అని అడిగినారు. అన్యాయమే. వందకు ముగ్గురు ఉన్నవాళ్ళు వందకు డెబ్బై పైగా కుర్చీలు ఎక్కి కూర్చుంటే ఎవరైనా అడగాల్సిందే. ఆ అడగడం మనకు కూడా మేలు చేసింది, దాన్ని కాదనలేం. జనాభా లెక్క చూపించి కుర్చీల్లో వాటా అడగొచ్చు అని ఈ దేశంలో గట్టిగా చెప్పినవాళ్ళలో వాళ్ళు ముందువరుస.

అయితే ఆ నాలుగు కోట్లలో మనం కూడా ఉన్నాం కదా! అప్పటి జనంలో ఆరేడు మందికి ఒకడు మనవాడు. ఆ ఒకణ్ణి తీసేస్తే లెక్క అంత గట్టిగా నిలబడదు. అదే ప్రణాళికలో ఇంకో మాట ఉండాది చూడండి: పన్నులు కట్టేది మేమే, జమీందార్లలో, భూస్వాముల్లో, సేద్యగాళ్ళలో ఎక్కువమంది మేమే అని. తలకాయలు లెక్కబెట్టేటప్పుడు మాల, మాదిగ, పరయ, చక్కిలి అందరూ బ్రాహ్మణేతరులు. యోగ్యత చెప్పుకునేటప్పుడు మాత్రం జమీందార్లు, పట్టాదారులు. భూమి లేనోడు, పన్ను కట్టడానికి పైసా లేనోడు అక్కడ యాడ కనబడతాడు?

1920 చివర్లో ఎలక్షన్లు వచ్చినాయి. కాంగ్రెస్ బహిష్కరించింది. 98 ఎన్నిక స్థానాల్లో జస్టిస్ పార్టీ 63 గెల్చుకుంది. ఆస్తి, పన్ను ఉన్నోళ్ళకే ఓటు కాబట్టి నాలుగు కోట్ల పైచిలుకు జనంలో ఓటర్లు పన్నెండున్నర లక్షలు. ఆ ఎన్నికల్లో బ్రాహ్మణేతరులకు 28 స్థానాలు రిజర్వు చేయించుకున్నారు. పోట్లాడి మరీ చేయించుకున్నారు. మనకు? రిజర్వు స్థానం ఒక్కటి లేదు. గవర్నరు దయతలచి వేసే నామినేషన్లు ఐదు. పరయ, పల్లర్, వళ్ళువర్, మాల, మాదిగ, చక్కిలి, చెరుమ, హొలెయ అందరికీ కలిపి ఆ ఐదే! ఎన్నికైనోడికి వెనక ఓటర్లు ఉంటారు. నామినేషన్ మీద పోయినోడికి వెనక ఎవరుంటారు? గోడ ఉంటుంది.

ఆ నామినేషన్ మీద కౌన్సిలుకు పోయిన మనిషి ఎం.సి.రాజా. మద్రాసు ఆది ద్రావిడుడు, వృత్తికి మన మాదిరి బడిపంతులు. పార్టీ పుట్టినప్పటి నుంచి అందులో ఉన్నోడు, కౌన్సిల్లో పార్టీకి ఉపనాయకుడు. 1932లో ఆయన మూంజేతో ఒప్పందం చేసుకుని అంబేద్కర్‌కు అడ్డం తిరిగినాడు, అది చేదు సంగతే. కానీ 1920ల్లో ఆయన పడిన పాట్లు తెలుసుకోకుండా జస్టిస్ పార్టీని తూచలేం.

1921లో మద్రాసులో బకింగ్‌హాం కర్నాటిక్ మిల్లులో సమ్మె. అది తెల్లవాళ్ళ మిల్లు. సవర్ణ హిందువులు, ముస్లింలు సమ్మెలో ఉన్నారు, ఆది ద్రావిడులు చాలామంది పనికి పోయినారు. పని మానుకుంటే రేపటి కూడు లేదు, వెనక్కి పోదామంటే పల్లెలో సెంటు భూమి లేదు. ఆ సమ్మె తప్పొప్పులు వేరే చర్చ, కమ్యూనిస్టు మిత్రులు దాని మీద చాలా రాసుకున్నారు. నాకు కావాల్సింది తర్వాత జరిగింది. జూన్ నెలాఖరులో పులియాంతోపులో ఆది ద్రావిడుల గుడిసెలు తగలబడినాయి. నెలల తరబడి కొట్లాటలు, పోలీసు కాల్పులు, చావులు. గద్దె మీద ఉన్నది మన న్యాయం పార్టీ. దాని నాయకులు, దాని పత్రిక ఎవరి మీద పడినారు? కాలిపోయిన గుడిసెల వాళ్ళ మీదే! లేబర్ శాఖ పంచములను నెత్తికెక్కించుకుంటా ఉందని సర్కారును తిట్టినారు. బ్రాహ్మడు తన కుర్చీ ఇవ్వనంటే అన్యాయమన్నవాళ్ళు, మాలోడికి ఇంటిజాగా, బడి ఇచ్చే ఒక్క శాఖను ఓర్వలేకపోయినారు.

రాజా కౌన్సిల్లోనే పోట్లాడినాడు. చివరకు 1923లో తనవాళ్ళను తీసుకుని పార్టీ నుంచి బయటికి వచ్చినాడు. అదే 1923లో పార్టీలో ఇంకో చీలిక కూడా వచ్చింది. మా చిత్తూరు కట్టమంచి రామలింగారెడ్డి బయటికొచ్చి పానగల్ మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టినాడు. ఈ దేశంలో అట్లాంటి తీర్మానం అదే మొదటిది. 44కు 65 ఓట్లతో వీగిపోయింది. పుస్తకాల్లో ఈ చీలికను పెద్దగా రాస్తారు. నాయకుడి ఒంటెత్తు పోకడ, తమిళులకు మంత్రి పదవులు, తెలుగోళ్ళ పెత్తనం, వీటి మీద వచ్చిన చీలిక అది. గుడిసెలు కాలినందుకు వచ్చిన చీలిక మాత్రం ఒక వాక్యంలో పోతుంది, అది కూడా ఉంటే. కట్టమంచి గొప్ప పండితుడు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్, కాదనను. మా జిల్లాలో ఆయన పేరు చెప్పుకోని సాహిత్య సభ ఉండదు. ఎం.సి.రాజా పేరు విన్నవాళ్ళు ఆ సభల్లో ఎంతమంది?

ఆ పార్టీ ఏలుబడిలో మనకేమీ రాలేదా అంటే, వచ్చినాయి. ఎట్లా వచ్చినాయో చూడాల. 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన సభ జరిగింది. పంచములు అన్న పేరు మాకొద్దు, మేము ఆది ఆంధ్రులం అని మనవాళ్ళే పేరు పెట్టుకున్నారు. ఐదేండ్లకు, 1922 జనవరిలో, రాజా కౌన్సిల్లో తీర్మానం పెట్టి సర్కారు కాగితాల్లో పంచమ, పరయ అనే మాటలు కొట్టేయించి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అని రాయించినాడు. అది ఇప్పటికీ బతికే ఉండాది. మా జిల్లాలో ఊరిపేరు పక్కన ఏ.ఏ.డబ్ల్యూ. అని ఓటరు లిస్టులో కనబడుతుంది చూడండి, ఆది ఆంధ్రవాడ అని. బడిలో అడ్మిషన్ రిజిస్టరు రాసేటప్పుడు కులం గడిలో ఆది ఆంధ్ర అని రాయించే అవ్వలు, తాతలు ఇంకా వస్తా ఉంటారు. ఆ మాట యాడనుంచి వచ్చిందో మన పిల్లోళ్ళకు చెప్పే పాఠం ఏ తరగతి పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

1924లో రెట్టమలై శ్రీనివాసన్ ఇంకో తీర్మానం పెట్టినాడు. సర్కారు రోడ్లు, వీధులు, బావులు, చెరువులు, ఆఫీసులు ఏ కులపోడైనా వాడుకోవచ్చు, ఎవురూ అడ్డం చెప్పకూడదు అని. తీర్మానం నెగ్గింది, ఉత్తర్వు వచ్చింది. ఊరి వీధిలో చెప్పులేసుకుని నడిచే హక్కు కాగితం మీద 1924లోనే వచ్చిందన్నమాట! మరి ఊర్లో? ఆ ఉత్తర్వును చావిట్లో చదివి వినిపించాల్సిన మునసబు ఎవరు? కరణం ఎవరు? జిల్లా బోర్డులో, తాలూకా బోర్డులో కూర్చున్నదెవరు? బోర్డుల్లో కూర్చున్నది చాలా చోట్ల ఆ పార్టీ మనుషులే, లేదంటే వాళ్ళ బావమరుదులు. వాళ్ళు మద్రాసులో చెయ్యెత్తి ఓటేసి, ఇంటికొచ్చి ఊరబావి దగ్గర కావలి ఉన్నారు. మితవాదం అని మనం వాళ్ళను తెల్లదొర విషయంలో తిడుతుంటాం గానీ, నా లెక్కన అది కాదు వాళ్ళ తప్పు. అర్జీ పెట్టడం తప్పు కాదు. రాజా, శ్రీనివాసన్ చేసింది కూడా అర్జీలు, తీర్మానాలే. అంబేద్కర్ కూడా కౌన్సిల్లో కూర్చుని చట్టాలు రాసినవాడే. వాళ్ళు మెతకగా ఉన్నది ఊర్లో పెత్తందారు దగ్గర. ఆ పెత్తందారు వాళ్ళ చుట్టమే కాబట్టి.

మిగతా పనులు త్వరగా చెప్పుకుందాం. 1921లో ఆడవాళ్ళకు ఓటు ఇచ్చినారు, అదీ ఆస్తి ఉన్న ఆడవాళ్ళకే. 1920లో త్యాగరాయ చెట్టి మద్రాసు కార్పొరేషన్ బడిలో పేదపిల్లలకు మధ్యాహ్నం తిండి పెట్టించినాడు, ఇది నిజంగా గొప్ప పని. (మన రాష్ట్రంలో 2024లో బడి భోజనానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టినారు. ఈయన పేరు ఎవరికీ గుర్తుకు రాలేదు. తెలుగువాడే అయినా!) 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం చట్టం వచ్చింది. 1925లో హిందూ దేవాదాయ చట్టం తెచ్చి గుడి సొమ్ము మీద సర్కారు కన్ను పెట్టించినారు. 1933లో బొబ్బిలి రాజా ఏలుబడిలోనే తిరుమల కొండను మహంతుల చేతిలో నుంచి తీసి దేవస్థానం కమిటీ చట్టం చేసినారు. హుండీ సొమ్ము ఎవరి చేతిలో ఉండాలి అనే దాని మీద ఇంత పట్టుదల! ఆ కొండ కింద పల్లెల్లో ఉండే మాల మాదిగలు గుడిలోకి పోవచ్చునా అనే దానికి మాత్రం పట్టుదల రాలేదు. అందుకు 1947లో గుడి ప్రవేశం చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. గుడికి పోతేనే మన బతుకు మారుతుందని నేను నమ్మేవాణ్ణి కాదు. తాళంచెవి చేతులు మారేటప్పుడు మనం వాకిట్లోనే ఉన్నామని చెప్తా ఉండా.

ఇక ఉద్యోగాలు. 1921, 1922లో కులాలవారీగా ఉద్యోగాలు పంచాలని జీవోలు వచ్చినాయి. అవి సరిగా అమలుకు వచ్చింది 1927 జీవోతో. అది తెచ్చిన ముత్తయ్య మొదలియారు అప్పుడు జస్టిస్ మంత్రి కాదు, సుబ్బరాయన్ మంత్రివర్గంలోని వాడు. అయినా అది ఆ పార్టీ ఆలోచనే అనుకుందాం. 12 ఉద్యోగాలు వస్తే బ్రాహ్మణేతర హిందువులకు 5, బ్రాహ్మణులకు 2, ముస్లింలకు 2, ఆంగ్లో ఇండియన్లకు, క్రైస్తవులకు కలిపి 2, మనకు 1. ఆరేడు మందికి ఒకడు ఉన్నోళ్ళకు పన్నెండింట్లో ఒకటి. వందకు ముగ్గురు ఉన్నోళ్ళకు పన్నెండింట్లో రెండు! అన్యాయం అన్యాయం అని వాళ్ళు అరిచిన ఆ బ్రాహ్మణులకే మనకంటే రెండింతలు దక్కింది. ఇదీ ఆ న్యాయం తక్కెడ. 1947లో లెక్క మార్చి 14లో మనకు 2 చేసినారు. అప్పటికి జస్టిస్ పార్టీ లేదు.

ఆ పార్టీ ఎట్లా పోయింది? 1926లో స్వరాజ్య పార్టీ చేతిలో ఓడిపోయింది. 1928లో పానగల్ రాజా చచ్చిపోయినాడు. 1930లో మళ్ళీ గద్దెనెక్కి చిత్తూరులో వకీలుగా ఉన్న బొల్లిని మునుస్వామి నాయుడును ముఖ్యమంత్రిని చేసుకున్నారు. సేద్యగాళ్ళ ఇంటివాడు కాబట్టి జమీందార్లకు గిట్టలేదు, రెండేండ్లకు దించేసి 1932లో బొబ్బిలి రాజాను కూర్చోబెట్టుకున్నారు. పుంగనూరు, కంగుంది, కాళహస్తి జమీందారీల కింద నలిగినవాళ్ళం మనం, ఈ కొట్లాటలో మనం ఎవరి పక్క? ఎవరి పక్కా లేం. పైమెట్టు వాళ్ళు, వాళ్ళకు ఒక మెట్టు కిందివాళ్ళు కొట్టుకుంటా ఉంటే మనం గుంతలో నిలబడి పైకి చూస్తా ఉన్నాం. 1937లో కాంగ్రెస్ 215లో 159 గెల్చుకుంది. బొబ్బిలి రాజా తన సొంత కోటకాడే వి.వి.గిరి చేతిలో ఓడిపోయినాడు.

ఆ ఓటమి తర్వాత ఒక చిత్రం జరిగింది. గవర్నరుతో పేచీ వచ్చి కాంగ్రెస్ వెంటనే గద్దె ఎక్కలేదు. 1937 ఏప్రిల్ నుంచి జులై దాకా కూర్మా వెంకటరెడ్డి నాయుడు ముఖ్యమంత్రిగా తాత్కాలిక మంత్రివర్గం. అందులో మంత్రి ఎవరనుకున్నారు? ఎం.సి.రాజా! 1920 నుంచి అన్నన్ని మంత్రివర్గాలు వచ్చిపోతే ఒక్కదాంట్లో కూడా అంటరానివాడికి చోటు దొరకలేదు. జనం తోసేసినాక, మూడు నెలల అద్దె కొంపలో, పోయే ముందు ఒక కుర్చీ వేసినారు. ఆ తర్వాత వచ్చిన రాజాజీ మంత్రివర్గంలో వి.ఐ.మునుస్వామి పిళ్ళైకి మొదట్లోనే చోటు దొరికింది. ఎందుకు? పూనా ఒప్పందంతో మద్రాసు శాసనసభలో 30 రిజర్వు స్థానాలు వచ్చినాయి కాబట్టి. కాంగ్రెసు వాళ్ళ మనసు మెత్తనై కాదు.

1938లో పెరియార్ చేతికి పార్టీ వచ్చింది, 1944 ఆగస్టులో సేలం సభలో దాని పేరే మార్చి ద్రావిడ కళగం చేసినాడు. పేరు వదలని కొద్దిమంది పి.టి.రాజన్ వెనక మిగిలి 1952 ఎలక్షన్లలో ఒక్క సీటు తెచ్చుకున్నారు, ఆ తర్వాత అదీ లేదు. సేలం సభ జరిగిన నెలకే, 1944 సెప్టెంబరులో, అంబేద్కర్ మద్రాసు వచ్చినాడు. జస్టిస్ పార్టీ ఎందుకు మట్టి కరిచిందో ఆ పార్టీ మనుషుల ముందే చెప్పినాడు. బ్రాహ్మణులను తిట్టినారు గానీ బ్రాహ్మణ్యాన్ని వదల్లేదు, రెండో తరగతి బ్రాహ్మణులు కావాలని చూసినారు. మీ పిల్లలకు సర్కారు ఉద్యోగాలు తెచ్చుకోవడమే కార్యక్రమం అనుకున్నారు. పల్లెల్లో పడి ఉన్న వందకు తొంభై మందిని మరిచినారు. ఇదీ ఆయన చెప్పినదాని సారం. ఎనభై ఏండ్లు దాటింది, ఇంతకంటే బాగా ఇంకెవరూ చెప్పలేదు.

ఇక్కడ తెలుగు పక్క సంగతి వేరే చెప్పాల. తమిళ దేశంలో ఆ పార్టీ వారసులు పెరియార్‌తో పోయినారు, మంచో చెడో ఒక సిద్ధాంతం మిగిలింది. తెలుగు దేశంలో కమ్మ, రెడ్డి, వెలమ పెద్దలు ఏం చేసినారు? గాలి మారిందని 1930ల్లోనే చాలామంది కాంగ్రెస్ కండువా మార్చుకున్నారు. బ్రాహ్మణేతరుడు అనే మాటే మరిచిపోయినారు. దేనికి గుర్తుపెట్టుకుంటారు? కుర్చీ దొరికింది కదా! 1985 జులై 17న కారంచేడులో మాదిగపల్లె మీదికి కత్తులు బరిసెలు తీసుకుని వచ్చింది బ్రాహ్మలు కాదు, కమ్మ భూస్వాములు. ఆరుగురు మాదిగలు చచ్చిపోయినారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది మాలలను నరికి చంపినారు, ఆ కేసులో నిందితులు ఎక్కువమంది ఊరి రెడ్లు. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. 1916లో అన్యాయం, అన్యాయం అని మొత్తుకున్న కులాల మనవళ్ళ కాలం ఇది. తాతలు మన తలకాయలు లెక్కబెట్టి బ్రాహ్మడికి చూపించినారు. మనవళ్ళ కాలానికి ఆ లెక్కతో పని లేకుండా పోయింది.

ఆ మాట మళ్ళీ వినబడింది 2008 ఆగస్టులో, తిరుపతిలో. ప్రజారాజ్యం పార్టీ, సామాజిక న్యాయం! మా పక్క కుర్రోళ్ళు లారీలెక్కి పోయినారు. 2009లో 18 సీట్లు, 2011లో కాంగ్రెస్‌లో కలిసిపోయింది. న్యాయం అని బోర్డు కట్టిన ఆ అంగడి మూడేండ్లకే మూసేసినారు. దాని గురించి ఇంతకంటే రాయడం దండగ.

ఇదంతా పాత పంచాయితీ, ఇప్పుడెందుకు అని అడిగే మిత్రులకు ఒక మాట. నేను మాలపల్లె నుంచి వచ్చినోణ్ణి, మా ఇంట్లో డిగ్రీ దాకా పోయిన మొదటివాణ్ణి. 1994లో దండోరా మొదలైనప్పుడు హైస్కూల్లో ఉంటి. మాదిగలు అడిగింది ఏమి? మేము ఇంతమంది ఉన్నాం, ఉద్యోగాల్లో మా వాటా యాడ అని. 1916లో త్యాగరాయ చెట్టి అడిగిన ప్రశ్న, 1923లో రాజా అడిగిన ప్రశ్న, అదే ప్రశ్న. దానికి మన మాల సంఘాలు చెప్పిన జవాబు ఏమి? ఐక్యత చెడిపోతుంది, అన్నదమ్ములం విడిపోతాం అని. బ్రాహ్మణేతరులు అనే ఒక్క పేరు కింద మనల్ని కట్టిపడేసి, వేరే వాటా అడిగినోణ్ణి బయటికి పంపించిన పార్టీకి, మన జవాబుకు తేడా ఎంత? ఐక్యత అనే మాట ఎప్పుడూ పీట మీద కూర్చున్నోడి నోటనే ఎందుకు వస్తుంది?

వర్గీకరణ 1997లో వచ్చింది, 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల బెంచి మళ్ళీ దారి తెరిచింది. 2025లో మన రాష్ట్రంలో రెల్లి వర్గానికి 1, మాదిగ వర్గానికి 6.5, మాల వర్గానికి 7.5 శాతం అని పంచినారు. కోర్టు చెప్పింది, సర్కారు చేసింది. మనం ఏం చేసినాం? మన సంఘాల్లో, మన ఉద్యోగుల అసోసియేషన్లలో, అంబేద్కర్ జయంతి కమిటీల్లో అధ్యక్షుడెవరు, కార్యదర్శి ఎవరు, డప్పు కొట్టడానికి పిలిచేది ఎవర్ని? పెద్దమండ్యం నుంచి కుప్పం దాకా పల్లె పల్లెకూ ఈ లెక్క తీయండి. మాలపల్లె బొమ్మకాడ సభ పెట్టి మాదిగపల్లెకు కబురు పంపిస్తే వస్తారులే అనుకునే కమిటీలు నాకు తెలుసు. రెల్లివాళ్ళు, మాస్టిన్లు, డక్కలివాళ్ళు ఏ కమిటీలో ఉండారో ఎవరైనా చూపిస్తే సంతోషిస్తా. వాళ్ళకు మనమిచ్చేది నామినేషన్ కూడా కాదు.

రేపు బీసీ సోదరులతో, ముస్లింలతో కలిసి బహుజన పొత్తు అంటాం. కావాల్సిందే, నేను కూడా కావాలనే అంటా. అయితే మొదటి రోజే రాసుకోవాల: ఎవరెంతమంది, ఏ కమిటీలో ఎవరికెన్ని, టిక్కెట్లలో ఎవరికెన్ని, పల్లె మీద ఊరు దాడి చేస్తే పార్టీ పేరుతో ఎవరు వచ్చి నిలబడతారు. రాసుకోకుండా వందకు ఎనభై ఐదు మనమే అని మైకులో అరిస్తే, అది 1916 ప్రణాళికలో చూసిన లెక్కే. ఇందులో చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పాల. పులియాంతోపులో జస్టిస్ పార్టీ తప్పిపోయింది ఆ ప్రశ్న దగ్గరే కాబట్టి.

ఇంకొక పని ఉండాది. ఆ కాలంలో లేబర్ శాఖ కింద మనవాళ్ళకు కొన్ని చోట్ల బడులు పెట్టినారు, బావులు తవ్వించినారు, ఇంటిజాగాలు, భూములు ఇచ్చినారు. జస్టిస్ పెద్దలు ఓర్వలేకపోయిన శాఖ అదే. మదనపల్లె, వాయల్పాడు, పుంగనూరు, పలమనేరు, కుప్పం పక్క పల్లెల్లో ఆ కాలం పట్టా కాగితాలు పెట్టెల అడుగున ఎవరింట్లోనైనా ఉండొచ్చు. లేబర్ బడిలో అక్షరాలు దిద్దుకున్న తాత, అవ్వ సంగతులు గుర్తున్నవాళ్ళు ఉండొచ్చు. ఆ భూమి ఇప్పుడు ఎవరి సేద్యంలో ఉండాది, ఎట్లా చేతులు మారింది? తెలిసినంత రాసి పత్రికకు పంపించండి. చదువురానోళ్ళు చెప్తే పక్కనున్న పిల్లోళ్ళు రాయండి. సర్వే నంబరు ఉంటే మరిచిపోకుండా వేయండి.